చంద్రమౌళి కీమియా చదువు

కొడకండ్ల నేతగాడు పాపయ్యకు కొడుకు చంద్రమౌళిని డాక్టరు చేయాలని పట్టుదల. జనగామ హైస్కూల్లో సైన్సు చెప్పే రహ్మాన్ సారు తోవ చూపించాడు.

“హైదరాబాద్ కాలేజీల చదువంతా ఉర్దూలనే. పోరడు ఇప్పటిసంది కీమియా, హిసాబ్ ఉర్దూల గట్టిగ చదవాలె. తెలుగు జర పక్కకు పెట్టుండ్రి.”

రసాయన శాస్త్రానికి కీమియా అని పేరున్నదని పాపయ్యకు అప్పుడే తెలిసింది. చంద్రమౌళి మాత్రం కలలు కూడా ఉర్దూలో వచ్చేంతగా చదివాడు.

అవి ఊళ్లలో దొరలకు ఎదురుగా తుపాకులు లేచిన రోజులు. సెలవులకు ఇంటికొస్తే, దళంలో తిరిగే పోశాలు చాటుకు పిలిచాడు.

“తమ్మీ, కీమియా చదువుతున్నవట. మాకు రెండు బాంబులు చేసియ్యరాదు?”

“మా బడిల తేజాబ్ సీసా సుత లేదన్నా. పుస్తకంల బొమ్మలు చూసుడే.”

బడిలో యాసిడ్ సీసా కూడా లేదన్న మాట నమ్మక, పిరికివాడనుకుని పోశాలు వెళ్లిపోయాడు. ఈ సంగతి ఎవరు మోశారో, పోలీసులు వచ్చి చంద్రమౌళిని ఠాణాకు పట్టుకుపోయారు. ఠాణా పెద్ద అమీన్ సాబూ బాంబుల గురించే అడిగాడు. అదే జవాబు చెబితే వీపు వాచింది. చివరికి రహ్మాన్ సారే వచ్చి, తన బడిలో సైన్సు ఎంత అధ్వానంగా ఉందో పూసగుచ్చినట్టు చెప్పి విడిపించుకున్నాడు.

ఇంతలో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం పాలన పోయింది. చంద్రమౌళి మెట్రిక్ పాసై కాలేజీకి పోయేసరికి అక్కడి చదువు ఇంగ్లీషులోకి మారింది. సీటు ఇచ్చే ప్రొఫెసరు ఇంగ్లీషులో ప్రశ్నలడిగాడు. జవాబులన్నీ తెలిసీ, ఉర్దూలో తప్ప నోరు పెగలక చంద్రమౌళి నిలబడిపోయాడు. దళమూ పోలీసులూ అంతగా నమ్మిన అతని సైన్సును కాలేజీ నమ్మలేదు, సీటు ఇవ్వలేదు.

జనగామకు తిరిగొస్తే రహ్మాన్ సారు పెద్దబాలశిక్ష ముందేసుకుని కూర్చున్నాడు.

“ఇగ బడిల తెలుగులనే చెప్పాల్నట బేటా. తేజాబ్‌ను తెలుగుల ఏమంటరు?”

చంద్రమౌళికీ తెలియదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వారు.

మరుసటి ఏడు మహబూబాబాద్ బడిలో అతనికి పంతులు ఉద్యోగం దొరికింది. సైన్సుకు ఖాళీ లేదని చరిత్ర ఇచ్చారు. ఆ మాట చెబితే పాపయ్య మగ్గం ఆపాడు.

“చరిత్ర అంటే ఏంది బిడ్డా?”

“అయిపోయిన ముచ్చట్లు చెప్పుడు, బాపూ.”

“దానికి జీతం గూడ ఇస్తరా!” అని పాపయ్య నోరు తెరిచాడు.