సున్నపుగూడెం కమ్మరి, ఊరి తుపాకులు

కమ్మరి ఐలేశం దొరలమీద తిరగబడిన సంఘంవాళ్లకు తుపాకులు తయారుచేసి ఇచ్చాడని కొందరు అన్నారు. అది అబద్ధం. అతనికి తుపాకి బాగుచేయడమే వచ్చు, చేయడం రాదు. ఊరి తుపాకులను మిలిటరీకి పట్టించి లాభపడ్డాడని మరికొందరు అన్నారు. లాభపడినవాడు మిగిలిన జీవితమంతా ఒంటిచేత్తో తిత్తి ఊదుకుంటూ బతకడు. జానయ్య అనే రైతుకు పేలని తుపాకి అంటగట్టి మోసంతో చంపించాడన్నది మూడో మాట. అన్నిటికంటె ఎక్కువకాలం నిలిచింది ఇదే.

ఈ మధ్య నల్లగొండలో ఒక సభ జరిగింది. అడవిపందుల బెడద ఉన్న రైతులకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలా, వద్దా అన్నది విషయం. ఊరి చేతుల్లోంచి తుపాకులు పోవడంవల్లనే జానయ్య చచ్చాడని ఒక వక్త ఐలేశాన్ని సాక్ష్యంగా చూపాడు. తుపాకులు పోయాక ఆ ఊళ్లో హత్యలే లేవని రెండో వక్త అదే ఐలేశాన్ని చూపాడు. ఇద్దరిలో ఎవరూ సున్నపుగూడెం పోయి అడిగినవారు కారు. జానయ్య భార్య హనుమమ్మ, ఐలేశం భార్య సోమమ్మ బతికుండగా, చాలా ఏళ్ల కిందట, నాకు వేర్వేరుగా చెప్పిన మాటలు ఎంతమేరకు కలిశాయో అంతమేరకే ఇక్కడ రాస్తున్నాను.

మేళ్లచెరువు చుట్టూ ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. అప్పుడు సున్నపురాతి బండలూ, వాటి నడుమ జొన్నచేలూ మాత్రమే ఉండేవి. సున్నపుగూడెంలో ఐలేశానిది ఒక్కటే కొలిమి. నాగలి కర్రులు, కొడవళ్లు సాగదీసినందుకు పంట కళ్లంలో ఇంటింటా గింజలు కొలిచేవారు. పందులను బెదిరించడానికి కొందరు రైతుల దగ్గర గొట్టంలో మందు దట్టించి పేల్చే బర్మారు తుపాకులుండేవి. ఏటా దసరాకు ముందు వాటిని తుడిపించి, నూనె పెట్టించి, ఆయుధపూజకు సిద్ధం చేయించుకునేవారు. కొలిమికి వచ్చిన ఇనుము తెచ్చిన చేతికే తిరిగి పోవాలన్నది అతని తాతలనాటి కట్టుబాటు. దొంగ కొడవలి తెచ్చినా దొంగకే ఇవ్వాలి.

1948 పోలీసు చర్యకు ముందటి ఏడు కాలువ దగ్గర నీళ్ల వంతుమీద మాటామాటా పెరిగి, బీరప్ప అనే రైతు తన పినతండ్రి కొడుకును కాల్చాడు. బీరప్ప క్రూరుడు కాడు. చేతిలో కర్ర ఉండి ఉంటే తల పగిలేది, పంచాయితీ జరిగేది. చేతిలో పందుల తుపాకి ఉంది. దాన్ని అంతకుముందు వారమే ఐలేశం బాగుచేశాడు. శవం లేచేదాకా ఐలేశం ఆ ఇంటి ముందే కూర్చున్నాడని, తర్వాత నెలల తరబడి తుపాకి పని ముట్టుకోలేదని సోమమ్మ చెప్పింది.

అప్పటికే ఊళ్లో సంఘం బలపడింది. దొర కోటలాంటి తన గడి విడిచి పోయాడు. సంఘం పంచిన దొర భూమిలో కొంత జానయ్యకు వచ్చింది. అందులో అతను జొన్న వేశాడు. చేను కంకిమీద ఉండగా పోలీసు చర్య జరిగి యూనియన్ సైన్యం వచ్చింది. సైన్యం వెనకే దొర మనుషులూ వచ్చారు. వారిలో ముందున్నవాడు పర్వతాలు అనే అతను, దొర భూములకు పెత్తందారు. దసరా నాడు ఆయుధపూజ కాగానే తుపాకులన్నీ క్యాంపులో అప్పగించాలని చాటింపు వేశారు. పర్వతాలుకు మాత్రం ఉంచుకోవడానికి అనుమతి దొరికింది. సంఘం రోజుల్లో గడి బావిలో దాచిన అతని బర్మారు తుప్పుపట్టింది. దాన్ని తెచ్చి కొలిమిలో పడేశాడు. ఊరివాళ్ల తుపాకులు, జానయ్యదీ కలిపి, అప్పటికే పూజకోసం అక్కడే ఉన్నాయి.

“ఏమిరా ఐలేశం, సంగం బోయె, నువ్వు మిగిల్తివి. దసరాకు నా తుపాకి తయారుండాలె. జొన్నచేన్ల ఓ ముసలి పంది జొర్రింది. దాని పేరు జానయ్య,” అన్నాడు పర్వతాలు.

“పందికైతె తెల్లార్లు కావలుండాలె పటేలా. నీకు గంత ఓపికున్నదా?”

“నాకెందుకురా ఓపిక? పర్మిటున్నది.”

ఐలేశం ముందు మూడు దారులే ఉన్నాయి. తుపాకి ఇవ్వననడానికి కట్టుబాటు ఒప్పుకోదు. ఇస్తే జానయ్య చస్తాడు. జానయ్య తుపాకిని కూడా బాగుచేసి ఇస్తే ఇద్దరిలో ఎవరు ముందు కాలిస్తే వారు మిగులుతారు. కొలిమి తలుపు దగ్గరికేసుకుని పర్వతాలు తుపాకిని తిప్పి తిప్పి చూస్తున్న భర్తను చూసి సోమమ్మకు విసుగొచ్చింది.

“ఇచ్చెటిదైతె ఇయ్యి, లేదంటె బాయిల పారెయ్యి. గింతసేపు మొకం జూస్తె గది నిన్ను మనువాడుతదా?”

“ఎవలిది వాళ్లకే ఇస్త. పేలకుంట జేసి ఇస్త.”

“జానయ్యది గూడనా? ఆయన మన దిక్కోడు గద.”

“బీరప్ప గూడ మన దిక్కోడే,” అన్నాడు ఐలేశం.

మందుకు నిప్పు అందే సన్నని బెజ్జంలో మెత్తని ఇనుప మేకు దిగగొట్టి, పైన ఆకురాయితో నునుపు చేశాడు. మసి పూసి నూనె రాస్తే జాడ తెలియదు. అక్కడున్న ప్రతి తుపాకికీ అలాగే చేశాడు. ఊరి పక్కన సైన్యం ఉండగా ఊరకే పేల్చి చూసుకునే ధైర్యం ఎవరికీ లేదు. చప్పుడు వినబడితే ఇల్లిల్లూ సోదా చేస్తారు. పూజ కాగానే తక్కిన రైతులు తమ తుపాకులను తీసుకుపోయి క్యాంపులో అప్పగించారు. జానయ్య అప్పగించలేదు.

ఇక్కడే మూడో నింద కూలిపోతుంది. పండుగకు ముందు ఐలేశం జానయ్య ఇంటికి వచ్చాడు. అప్పుడు హనుమమ్మ అరుగుమీద బతుకమ్మకు గునుగుపూలు కోస్తూ ఉంది. ప్రతి మాటా ఆమె విన్నది.

“బావా, నీది పేలది. వానిది గూడ పేలది. వానికి గా సంగతి ఎర్క లేదు. కోత ఇడిసి, హనుమమ్మను దీస్కొని మీ అత్తగారూరికి పో.”

జానయ్యకు కోపం వచ్చింది. “నా కోరలు నువ్వే పీకి, నన్నే పొమ్మంటున్నవా?” అన్నాడు. కోపం తగ్గాక వెళ్లడానికి ఒప్పుకున్నాడు. పండుగ గడవగానే బయలుదేరుదామని మూటలు కూడా కట్టుకున్నారు.

దసరా సాయంత్రం జమ్మి పంచుకునే చోట పర్వతాలు అందరూ చూస్తుండగా జానయ్య దగ్గరికి వచ్చాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకున్నాడు. తగాదా పడిన అన్నదమ్ములు కూడా ఆ రోజు జమ్మి ఇచ్చుకుంటే ఇక చేయెత్తరాదని ఆ పల్లెల నమ్మకం. తాతలు అలాగే బతికారు. జానయ్య ఇంటికొచ్చి మూటలు విప్పమన్నాడు.

“జమ్మి వెట్టి అలాయిబలాయి ఇచ్చిండే. జమ్మి ఇచ్చిన చెయ్యి లేస్తదా? ఇగ ఫికర్ లేదు. పొద్దుగాల్నే కంకులు కోద్దాం.”

ఐలేశం చెప్పింది మరిచిపోయావా అని ఆమె అడిగింది. కమ్మరోనికి ఇనుము తెలుసు, మనుషులు తెలియదని అతను నవ్వాడు. అయినా పేలదని తెలిసిన తుపాకిని భుజాన వేసుకునే చేనికి పోయాడు. చూసేవాళ్లకు భయం ఉంటుందని అతని లెక్క.

వాళ్లు కోత మొదలుపెట్టిన కాసేపటికే పర్వతాలు, కర్రలు పట్టుకున్న మరి ఇద్దరు గట్టెక్కారు. పర్వతాలు తుపాకి ఎత్తగానే హనుమమ్మ భర్తకు అడ్డం వచ్చింది. గొట్టం ఆమె రొమ్ముకు ఆనింది. అతను మీట నొక్కాడు. టక్కుమంది, అంతే. మళ్లీ నొక్కాడు. తర్వాత ఆమెను పక్కకు తోసి, తుపాకిని తిరగేసి దాని కర్ర మడమతో జానయ్యను కొట్టాడు. తక్కిన ఇద్దరూ కర్రలతో కొట్టారు. జానయ్య దవాఖానకు చేరకుండానే బండిలో పోయాడు.

“గా తుపాకి పేలితె ముందు నేను పోయేదాన్ని,” అన్నది హనుమమ్మ. “ఆయన్ను పేలకున్నా సంపిన్రు.”

జానయ్య అప్పగించని తుపాకితో మీదికి వచ్చాడని పర్వతాలు చెప్పాడు. ఆత్మరక్షణ అని కేసు ముగిసింది. ఆ తుపాకి పేలుతుందో లేదో ఎవరూ చూడలేదు. అది పేలదనీ, బెజ్జం మూసింది తానేననీ ఐలేశం క్యాంపుకు వెళ్లి చెప్పాడు. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. పర్వతాలు మాత్రం విన్నాడు. అతని మనుషులు ఐలేశం కుడిచేతిని అతని దాగలిమీదే పెట్టి, అతని సమ్మెటతోనే మణికట్టు నలగ్గొట్టారు. ఆ తర్వాత సోమమ్మ తమ్ముడు వచ్చి కొలిమి నడిపాడు. ఐలేశం చనిపోయేదాకా ఎడమచేత్తో తిత్తి ఊదాడు.

ఆ ఊళ్లో హత్యలే లేవని సభలో అన్నది నిజం కాదు. కర్రలతో, గొడ్డళ్లతో మనుషులు చచ్చారు. తుపాకితో ఆ తర్వాత ఎవరూ చావలేదు. జానయ్య చేతిలో పేలే తుపాకి ఉంటే బతికేవాడని చెప్పడానికి కూడా ఆధారం లేదు. వచ్చినవాళ్లు ముగ్గురు, అతని తుపాకికి ఉన్నది ఒక్క దెబ్బ.

ఐలేశం తన కొలిమికి వచ్చిన తుపాకులన్నిటినీ, ఎవరివని చూడకుండా, పనికిరాకుండా చేశాడు. జానయ్యకు ఆ సంగతి చెప్పాడు, పర్వతాలుకు చెప్పలేదు. హనుమమ్మ బతకడానికి అతని పని కారణం. జానయ్య చావుకు అతను కారణం కాడు. దాన్ని ఆపనూ లేదు.