షట్టర్ అవతలి మనిషి

నా చిన్నప్పుడు మాకు ఆళ్ళగడ్డలో మోటారు సైకిళ్ళ కొట్టు ఉండేది. పెద్దదేమీ కాదు. ముందు భాగంలో నాలుగు బండ్లు పట్టేంత చోటు, వెనక రెండు గదుల్లో మా కాపురం. నంద్యాలలో ఉన్న పెద్ద షోరూం నుంచి బండ్లు తెప్పించి అమ్మేవాడు మా నాయన. కొనేవాళ్ళు ముందుగా కొంత డబ్బు కడితే దాన్ని నంద్యాలకు పంపేవాడు, పది పదిహేను రోజుల్లో బండి వచ్చేది. బండికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ నవ్వుతూ నిలబడేవాళ్ళు. మా నాయన చేసే పనంటే మనుషులను నవ్వించడమే అనుకునేదాన్ని నేను.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి. వరసగా రెండేళ్ళు వానలు లేవు. శనగ చేతికి రాలేదు, పత్తికి పురుగు పట్టింది. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే బజారులో ఏ కొట్టూ నడవదని ఆ వయసులో నాకేం తెలుసు? బట్టల కొట్టాయన, ఎరువుల కొట్టాయన పగలంతా మా కొట్లో కూర్చుని కబుర్లు చెబుతుంటే, ఇంటికి ఇంతమంది వస్తున్నారని సంతోషపడ్డాను. వాళ్ళకు బేరాలు లేక వస్తున్నారని తర్వాత తెలిసింది.

కొద్ది రోజులకు నంద్యాల షోరూమే దెబ్బతింది. అక్కడికీ బండ్లు రావడం ఆగిపోయింది. మా నాయన పంపిన డబ్బు అక్కడే ఇరుక్కుంది. కట్టినవాళ్ళు ఐదుగురు, ఇక్కడ మా గడప ముందు.

ఆ ఐదుగురిలో ఉయ్యాలవాడ నుంచి వచ్చే పాలాయన ఒకడు. అంత దూరం సైకిలు మీద క్యాన్లు కట్టుకుని వచ్చేవాడు. ఎండాకాలంలో పాలు దారిలోనే విరిగిపోయేవి. అందుకే బండి కావాలనుకున్నాడు. మొదట్లో రోజూ వచ్చి, "వచ్చిందా అన్నా?" అని మెత్తగా అడిగిపోయేవాడు. తర్వాత అడగడం మానేశాడు. ఎదురుగా ఉన్న టీ అంగడి పక్కన సైకిలు పట్టుకుని నిలబడి, మా కొట్టు వైపే చూస్తూ ఉండేవాడు. మనిషి పొడగరి, కళ్ళు ఎర్రగా ఉండేవి. బడికి పోవాలంటే నేను ఆయన ముందు నుంచే పోవాలి. ఆ నాలుగడుగులు దాటేలోపు నాకు నోరు ఎండిపోయేది. ఒకరోజు దారి మధ్య నుంచే వెనక్కి పరిగెత్తుకొచ్చి, కడుపులో నొప్పి అని అమ్మకు అబద్ధం చెప్పాను.

ఒక ఆదివారం పొద్దున లేచేసరికి ఇంట్లో సామాను మూటలు కట్టి ఉంది. కొలిమిగుండ్లలోని మా అమ్మ పుట్టింటికి పోతున్నామన్నారు. వెనక సందులోకి జీపు వస్తుందట. ఎవరికీ చెప్పవద్దని నాయన నాతో రెండుసార్లు అన్నాడు. ఆయన గొంతు ఆయనది కాదనిపించింది.

కానీ ఊళ్ళో మాట దాగలేదు. జీపు రాకముందే ముందు వైపు షట్టర్ దబదబా మోగడం మొదలైంది. ఆ ఇనుప రేకు చప్పుడు ఇల్లంతా నిండిపోయింది. "ఓ అన్నా! బయటికి రాప్పా! లోపల యాడ దాంకున్యావ్?" అని ఒకరు, "దుడ్లు తిని పారిపోతాండాడు!" అని ఇంకొకరు. నాయన వంటింటి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. అంతకుముందు మా నాయన భయపడడం నేను చూడలేదు. బయటి కేకల కన్నా అది నన్ను ఎక్కువ వణికించింది.

మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, అప్పటిదాకా ఒక ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి. ఇంట్లో ఉందో లేదో తెలియనంత తక్కువ మాట్లాడేది.

"ఈ పొద్దు పోతే, మళ్ళా ఏ మొగం పెట్టుకోని ఈ ఊర్లోకి వస్తావ్ రా?" అంది.

"కొడతార్మా వాళ్ళు" అన్నాడు నాయన.

"కొడితే కొట్నీ. నీకు భయమైతాందే, వాళ్ళకు భయం కాల్యా? నువ్వు తలుపేసుకుంటే వాళ్ళ భయం ఇంకా పెద్దదైతాది."

అంతే. లేచి ముందుగదిలోకి నడిచింది. షట్టర్ ఎత్తబోయింది కానీ ఆమె బలం చాలలేదు. అప్పటిదాకా మూటలు కట్టిన మా అమ్మ ఒక్క నిమిషం నాయన వైపు చూసి, వెళ్ళి చెయ్యి వేసింది. రేకు పైకి లేస్తుంటే ముందు పాదాలు కనిపించాయి. మట్టి కొట్టుకుపోయిన చెప్పులు, కొన్ని ఉత్త కాళ్ళు. తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాత ముఖాలు.

"నా కొడుకు ఈడనే ఉండాడు. యాడికీ పోడు. లోపలికి రాండి" అంది జేజి.

జేజి నీళ్ళచెంబు నా చేతికిచ్చి, పాలాయనను చూపించింది.

"పో పాపా, ఆయప్పకు నీళ్ళిచ్చి రా."

"నాకు భయం జేజీ."

"తెలుసు. భయంతోనే పో."

ఎలా నడిచానో గుర్తులేదు. ఆయన ముందు చెంబు పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన తీసుకున్నాడు. చేతులు ఎంత వణికాయంటే సగం నీళ్ళు చొక్కా మీదే పడ్డాయి. అప్పుడు తలెత్తి చూశాను. ఎర్రటి ఆ కళ్ళు నిద్ర లేక ఎర్రబడ్డాయని అంత దగ్గరగా చూస్తే గానీ తెలియలేదు.

"పాలిచ్చే ఎనుమును అమ్మి కట్టినా పాపా" అన్నాడు, నేనేదో పెద్దదాన్నయినట్టు. "ఉత్త చేతుల్తో ఇంటికి పోయి ఏం చెప్పాల్నో తెలీక ఈడ నిలబడుకోనుంటి."

నా వెనక నాయన బయటికి వచ్చాడు. బండ్లు రావని, డబ్బు నంద్యాలలో ఇరుక్కుందని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒక కుర్రాడు దూకి ఆయన కాలరు పట్టుకున్నాడు. గుండీ తెగి కింద పడింది. నాయన చెయ్యి ఎత్తలేదు, విడిపించుకోలేదు. "కొట్టాలంటే కొట్టప్పా. కొట్టినాక నాతో నంద్యాలకు రా" అన్నాడు. ఆ కుర్రాడి చేతిని వదిలించింది పాలాయనే.

అందరూ కలిసి నంద్యాల బస్సెక్కారు. జేజి కూడా వెళ్ళింది. షోరూం యజమాని ఊళ్ళో లేడని మొదట అక్కడి పనివాళ్ళు చెప్పారట. కానీ లోపల ఎవరో దగ్గింది వినబడిందట. జేజి మెట్ల మీద కూర్చుని, "మేమూ పొద్దున ఇట్లనే దాంకోనుంటిమి, బయటికి రాప్పా" అందట. సాయంత్రానికి ఆయన వచ్చాడు. ఉన్న మూడు బండ్లు ముగ్గురికి ఇచ్చాడు. పాలాయనకు రాలేదు. నాయన తన సొంత పాత బండిని ఆయనకు ఇచ్చేశాడు. ఐదో ఆయన బాకీ తీర్చడానికి రెండేళ్ళు పట్టింది. మా కొట్టు ఆ ఏడాదే మూతపడింది. నాయన బస్టాండు దగ్గర ఒకరి షెడ్డులో మెకానిక్‌గా చేరాడు. ఆయన కాలరు పట్టుకున్న కుర్రాడు కూడా బండి బాగుచేయించుకోవడానికి ఆయన దగ్గరికే వచ్చేవాడు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. నంద్యాలలో ఒక బండ్ల షోరూంలో చాలా ఏళ్ళుగా కౌంటరు చూస్తున్నాను. ఈ ఏడు మళ్ళీ అలాగే ఉంది. జనం వస్తారు, బండి మీద కూర్చుని చూస్తారు, ధర విని దిగిపోతారు. మాతో పనిచేసే పిల్లలను ఇద్దరిని మాన్పించారు. రేపు నన్నూ పొమ్మంటారేమోనని నా లోపల ఒక వణుకు ఎప్పుడూ ఉంటుంది. నెలనెలా అప్పు కంతులు కట్టలేక బండి పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి కౌంటరు మీద గుద్ది అరుస్తారు. యజమాని లోపలి నుంచి, లేనని చెప్పమని సైగ చేస్తాడు. నేను చెప్పను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను మాట విననిది ఆ ఒక్క విషయంలోనే.

మొన్న సంజామల నుంచి అలా బండి పోయిన ఒకాయన వచ్చి నానా మాటలూ అన్నాడు. భయంతోనే కౌంటరు దాటి అవతలికి వెళ్ళి, ఆయనకు కుర్చీ వేసి పక్కనే కూర్చున్నాను. బండి తిరిగి ఇప్పించడం నా వల్ల కాదని నిజమే చెప్పాను. అరిచి అరిచి ఆగిపోయి, కూతురిని రోజూ కాలేజీలో దింపేది ఆ బండి మీదేనని చెప్పాడు. లేచి వెళుతుంటే నేనూ ఆయనతో పాటు బస్టాండు దాకా నడిచాను. బస్సు వచ్చేదాకా ఆయన పక్కనే నిలబడ్డాను.