బస్టాండులో వేసిన వేషం

మొన్నీమధ్య నరసరావుపేటలో, నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన కాలేజీవాళ్ళు, మత్తుమందుల మీద అవగాహన సభ పెట్టి నన్ను అతిథిగా పిలిచారు. శాలువా కప్పించుకుని ముందు వరుసలో బుద్ధిగా కూర్చున్నాను. ఉపన్యాసాలయ్యాక పిల్లలు నాటిక వేశారు. గంజాయికి అలవాటు పడ్డ కుర్రాడి వేషం కట్టినవాడు మైకు ముందుకొచ్చి, తన పేరూ ఊరూ, వాళ్ళ నాన్న చేసే పనీ చెప్పి, తానెలా పాడైపోయాడో ఏడుస్తూ మొదలుపెట్టాడు. అది అసలు పేరేనా అని పక్కనున్న లెక్చరరమ్మాయిని అడిగితే, అసలు పేరే మేడం, నేచురల్‌గా ఉంటుందని మేమే చెప్పించాం అంది. హాలంతా చప్పట్లు కొడుతుంటే నాకు ఏనాటిదో మాచర్ల బస్టాండు గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, టీవీలో ఎయిడ్స్ ప్రకటన రాగానే మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయిన రోజులు. ఆ రోజుల్లోనే, కాలేజీ పిల్లల చేత దాని మీద ప్రచారం చేయించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తెలుగు మాస్టారు తనకు తెలియదన్నారు, లెక్కల మాస్టారు తనకు సంబంధం లేదన్నారు, పునరుత్పత్తి పాఠం చెప్పే మనిషిని కాబట్టి అది తిన్నగా వచ్చి నా నెత్తిన పడింది. మా ప్రిన్సిపాల్ గారైతే ఆ పేరు పలకలేక సభలో కూడా ‘ఆ వ్యాధి’ అనే నెట్టుకొచ్చేవారు. పిల్లలు మాత్రం ఎర్ర రిబ్బన్లు కత్తిరించి పిన్నీసులతో గుచ్చుకుని, పెళ్ళివారింట్లో తిరిగినట్టు హడావుడిగా తిరిగేవారు.

వాళ్ళలో డిగ్రీ ఆఖరి సంవత్సరం కుర్రాడొకడు ఉండేవాడు. గురజాల అవతల ఏదో పల్లె, తండ్రిది నాపరాళ్ళ క్వారీలో పని, తాత ఒకప్పుడు పద్య నాటకాలాడిన మనిషి. ఆ తాత నుంచే వచ్చిందేమో, వాడు నోరు విప్పితే చుట్టూ ఉన్నవాళ్ళు కదిలేవారు కాదు. టీచరు కావాలన్నది వాడి ఒకే ఒక్క కోరిక. వీధినాటకంలో రోగి వేషం వాడు కాక ఇంకెవరు వేస్తారని అందరమూ అనుకున్నాం. పుస్తకం భాష జనానికి ఎక్కదు, మీ ఊరి మాటల్లో, మీ ఇంటి సంగతి చెప్పినట్టు చెప్పండని మాకు శిక్షణలో చెప్పారు, మేము పిల్లలకు చెప్పాం, వాడు దాన్ని అక్షరాలా పాటించాడు.

మాచర్ల బస్టాండులో, ఎర్రటి ఎండలో, వాడు తన ఊరి పేరు చెప్పాడు. ‘మా నాయన క్వారీలో రాళ్ళు కొడతాడయ్యా. నాకీ జబ్బుందని తెలిసినకాడ్నించి మా ఇంట్లోనే నా గ్లాసు ఏరే పెట్టారు. నన్ను ముట్టుకుంటే మీకేం కాదు, నా పక్కన కూసోండి’ అంటుంటే సోడాబండి దగ్గర నిలబడ్డ పెద్దావిడ వచ్చి వాడి తల నిమిరి కళ్ళు తుడుచుకుంది. మాకెంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ ఆ గుంపులో వాడి ఊరివాళ్ళు ఇద్దరున్నారు. ఇదంతా నాటకమని చివర్లో మేము చెప్పేలోపే వాళ్ళ బస్సు కదిలిపోయింది.

కొద్ది రోజుల్లోనే వాడు అన్నం తినే మెస్సులో మామ్మ వాడి ప్లేటు విడిగా పెట్టింది, గదిలో తోటివాళ్ళు తలోదారి చూసుకున్నారు, ఊళ్ళో వాళ్ళమ్మను మిరపకోతలకు పిలవడం మానేశారు. ఆ తల్లి కాలేజీకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ‘సదూకున్నదానివి, నీ మాటైతే నమ్ముతారమ్మా. నా బిడ్డకేం లేదని మా ఊళ్ళో ఒక్క మాట చెప్పు తల్లీ’ అంది. వాడికి రక్తపరీక్ష చేయించాం, ఏమీ లేదని తేలింది, డాక్టరుగారిని వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళాను.

బొడ్రాయి దగ్గర జనం పోగయ్యారు. ఈ పిల్లవాడికి ఏ జబ్బూ లేదు, నా మాట నమ్మండి అని నేను గొంతు పెంచి చెబుతుంటే, అందరికీ దూరంగా నిలబడ్డ ఒకావిడ తల దించుకుని నడిచి వెళ్ళిపోయింది. ఆమె ఒక లారీ డ్రైవరు భార్య అనీ, అదే జబ్బుతో భర్త పోయాడనీ, ఆమెకూ ఉందనీ తరువాత తెలిసింది. జబ్బున్నవాళ్ళను దూరం పెట్టకండని ఊరూరా చెప్పిన నేనే, వీడు వాళ్ళలో ఒకడు కాదని బతిమాలుకుంటున్నాను. ఇంకెలా చెప్పాలో ఇవాళ్టికీ నాకు తెలియదు. అంతలోనే వెనకనుంచి ఎవరో అన్నారు: ‘ఏం లేకపోతే ఈమె ఇంత దూరం ఎందుకొచ్చిద్ది? రగతం పరీక్ష ఎందుకు చేపిచ్చిద్ది?’

వాడు పరీక్షలు రాయలేదు. కృష్ణ దాటి మిర్యాలగూడ వైపు రైసుమిల్లులో పనికి కుదిరాడు. వెళ్ళేముందు ఒకసారి కాలేజీకి వచ్చి, ‘మీరేం చేస్తారు మేడం, నేనే చానా బాగా చేశాను’ అని నవ్వబోయాడు.

మొన్న సభ అయ్యాక గంజాయి వేషం వేసిన కుర్రాణ్ణి పిలిచి, నాయనా, ఇంకెక్కడా నీ అసలు పేరు చెప్పకు అన్నాను. అయ్యో మేడం, ఈ కాలంలో నాటకమని తెలియనిదెవరికి అని నవ్వాడు. నిజమే, కాలం మారింది, ఇప్పుడు ఏ మాటైనా పైకే అంటున్నారు, జబ్బుకు మందులూ వచ్చాయి. ఆ రోజుల్లో చెడ్డమాట బస్సెక్కి ఊరికి పోయేది, ఆలస్యంగానైనా దాని వెనక మనమూ బస్సెక్కి పోగలిగేవాళ్ళం. ఈ కుర్రాడు, ‘మా ఊరి గ్రూపులో అప్పుడే పెట్టేశారు మేడం, అందరూ చూస్తన్నారు’ అని మురిసిపోతూ ఫోను నా చేతిలో పెట్టాడు. కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చూశాను. పేరుంది, ఊరుంది, ఏడుపుంది. ఇది నాటిక మాత్రమేనని మైకులో చెప్పిన మాట మటుకు వీడియోలో లేదు, చప్పట్ల దగ్గరే ఆగిపోయింది.