మీటరు అద్దం మీద గోరు

దగ్గరగా వచ్చి కూర్చోండి, మా పక్కవాటా అన్నయ్యగారి సంగతి చెబుతాను. ఆయన అమలాపురంలో పోలీసు జీపు నడిపేవారు. మా గోడగడియారం చూసినా సరే, అద్దం మీద గోరుతో రెండుసార్లు కొడితేగానీ టైము నమ్మేవారు కాదు.

ఆ అలవాటు ఎలా వచ్చిందో ఆయనే చెప్పేరు. అప్పట్లో బళ్ళ వేగం పట్టడానికి జీపులో వెంటపడేవారట. "ముందు బండికీ మనకీ ఎడం తగ్గకూడదు, పెరగకూడదు చెల్లెమ్మా. అలా కొంతదూరం వెళ్ళేక మన మీటరు ముల్లు ఎంత చూపిస్తే ఆ బండి వేగం అంత" అనేవారు.

అలాగే ఒకరోజు తాటిపాక దారిలో కొబ్బరికాయల వ్యాను వెనకాల వెళ్ళేరు. ఆ దారిలో అరవై దాటకూడదు, ముల్లు ఎనభై చూపించింది. కోర్టులో ఆ మాటే చెప్పేరు. వ్యాను డ్రైవరు లైసెన్సు పోయింది.

నెల తిరక్కుండా జీపు షెడ్డుకెళ్తే, మీటరు పాడైపోయి ఇరవై ఎక్కువ చూపిస్తోందని మెకానిక్కు తేల్చేడు. అన్నయ్యగారు పరుగున వెళ్ళి ఎస్సైగారికి చెప్పేరు.

"తీర్పయిపోయింది కదయ్యా, నోరు మూసుకో" అన్నారాయన.

మనసు ఊరుకోక ఆ డ్రైవరు ఇంటికే వెళ్ళేరు. అతను కూలికి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. "తప్పు మా మీటరుదిరా అబ్బాయ్" అన్నారు.

అతను తలెత్తలేదట. "ఆయ్. అరవై దాటలేదని ఆ రోజే మొత్తుకున్నానండి. మీరు ముల్లు చూసేరుగానీ నా మొహం చూళ్ళేదండి" అన్నాడట.

అప్పట్నుంచీ ఏ ముల్లునీ నమ్మక అన్నయ్యగారు ఎన్ని అద్దాలు కొట్టి చూసినా, ఆ లైసెన్సు మాత్రం తిరిగి రాలేదు.

మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి. మీవాళ్ళు నిజం చెప్పిననాడు, ఆ రోజే నమ్మే మనిషి ఎదురుగా ఉండాలి.