బిడ్డ పేరు, పడుకోబెట్టిన చోటు

చిలకలూరిపేట పత్తి మిల్లులో నాతో పనిచేసిన ఆడవాళ్ళందరూ కులాసాగా ఉన్నారా? దూది గదిలో దగ్గు పట్టుకున్నవాళ్ళకు నెమ్మదించిందా? మీ పిల్లలు, వాళ్ళ పిల్లలు బాగున్నారా? నాకు నిన్ననే ఒక కబురు అందింది. మన గేటు గుమాస్తాగారు పోయారట.

పొద్దున్నే గేటు దగ్గర పేర్లు రాసుకునేది ఆయనే. మన పేరు, ఊరు అడిగేవారు. చంకలో బిడ్డ ఉంటేనే ఇంకో రెండు గళ్ళు నింపేవారు: బిడ్డ పేరు, పడుకోబెట్టే చోటు. బిడ్డ లేనివాళ్ళ దగ్గర ఆ మాటే ఎత్తేవారు కాదు. ఉన్నవాళ్ళను మాత్రం చెప్పందే లోపలికి అడుగు పెట్టనిచ్చేవారు కాదు.

కొత్తగా వచ్చిన మేనేజరుగారికి ఖాళీ గళ్ళు నచ్చలేదు. అందరి చేతా అన్నీ నింపించమన్నారు. నా వెనకనున్న ముసలామె, "మా ఇంటాయన్ని రాసుకోండయ్యా, ఆయనా తిని పడుకోవడమే" అంది. అందరూ నవ్వారు. పెళ్ళికాని పిల్లలు సిగ్గుపడి ఏదో ఒకటి చెప్పేవారు. వాళ్ళను చూసి తల్లులు కూడా 'లోపలే' అనేసి పోవడం మొదలుపెట్టారు.

గుమాస్తాగారు నవ్వలేదు. "అందరినీ అడిగితే ఎవరూ నిజం చెప్పరండీ. బిడ్డ ఉన్నవాళ్ళనే అడగాలి, వాళ్ళను మాత్రం వదలకూడదు" అని మేనేజరుగారిని ఒప్పించి పాత పద్ధతే పెట్టించారు.

తల్లి లేని మా మనవరాలిని నేనే మిల్లుకు తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు ఆలస్యమై, "లోపలే ఎక్కడో పడుకోబెడతాలెండి" అన్నాను.

"ఎక్కడో అంటే కుదరదమ్మా. చోటు చెప్పు."

"దక్షిణం కిటికీ కింద" అన్నాను విసుగ్గా.

ఆ మధ్యాహ్నం పత్తి గుట్ట జారి కిటికీ దాకా కమ్మేసింది. నేను కేక పెట్టాను. గుమాస్తాగారు పొద్దున రాసుకున్న బిడ్డ పేరుతో "కోటమ్మా, కోటమ్మా" అని పిలుస్తూ నేరుగా అక్కడికే పరుగెత్తుకొచ్చి రెండు చేతులా తవ్వారు. కనురెప్పల నిండా దూదితో పిల్ల బయటపడింది. బతికింది.

దండం పెట్టబోతే ఆయన వద్దన్నారు. "మొదట్లో నేనూ అడిగేవాణ్ణి కాదమ్మా. అప్పుడొక బిడ్డ ఎక్కడుందో తెలిసేసరికే ఆలస్యమైపోయింది. పత్తిలో ఏడుపు వినపడదు. నాకు మాత్రం ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది."

ఆయన పోయారన్న కబురు విన్నప్పటి నుంచి ఆ ఏడుపు నాకూ వినపడుతోంది. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి మాటిమాటికీ చూసుకుంటున్నాను.

వచ్చే బుధవారం ఆయన పెద్దకర్మకు వస్తున్నాను. బిడ్డ నాతోనే ఉంటుంది. పేరు కోటమ్మ. చోటు, నా ఒళ్ళు.