వేడెక్కిన లాప్‌టాప్‌లో అక్క

కొత్త లాప్‌టాప్ కొన్న కొద్ది రోజులకే దాని అడుగున చెయ్యి పెట్టలేనంత వేడి మొదలైంది. నేను దాంతో చేసే పని ఏముంది గనక? గుంటూరులో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడం, మార్కులు ఎక్కించడం, అంతే. అయినా ఒక పద్యం టైపు చేసేలోపే లోపలి ఫ్యాను గుయ్యిమని మొదలయ్యేది. ఒళ్లో పెట్టుకుంటే తొడలు చురుక్కుమనేవి.

"ఎండలకి మనుషులమే ఉడికిపోతున్నాం, దానికి మాత్రం ఉక్కపొయ్యదా?" అన్నారు మావారు.

ఆ మాటా కొట్టిపారేసేది కాదు. మిర్చి లారీలు యార్డుకి వరసకట్టి వస్తున్న రోజులవి. గాలి అటునుంచి తిరిగిందంటే కిటికీలు మూసుకోవాల్సిందే, లేకపోతే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. మూసిన గదిలో ఏ వస్తువు ముట్టుకున్నా వెచ్చగానే ఉండేది.

పరుపు మీద పెట్టుకుంటే అడుగున గాలి పోయే చిల్లులు మూసుకుపోతాయని ఎవరో చెబితే, చపాతీ పీట మీద పెట్టి చూశాను. కాస్త నయం, అంతే. కొన్న షాపుకి తీసుకెళ్తే, "కొత్తది కదండీ, మొదట్లో అప్‌డేట్లు అవుతుంటాయి, అదే సర్దుకుంటుంది" అన్నారు. వారం చూశాను. సర్దుకోలేదు.

చివరికి మా స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే నా స్నేహితురాలు ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. మజ్జిగ తాగుతూ ఏవో రెండు మీటలు నొక్కింది. లోపల ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో తెర మీద వరసగా కనిపించాయి.

"నువ్వేమీ చెయ్యడం లేదనుకుంటున్నావు. వెనకాల ఈ ఫొటోల ప్రోగ్రాం ఊపిరి పీల్చుకోకుండా పని చేస్తోంది, చూడు. ఈమధ్య ఫొటోలేమైనా ఎక్కించావా? చాలా?"

ఎక్కించాను. అవి మా అక్కవి.

అక్కని చీరాలలో నేతపని చేసే ఇంటికి ఇచ్చారు. బావ మగ్గం మీద నేస్తే అక్క ఫోనులో అమ్మేది. కొత్త చీర మగ్గం దిగిన ప్రతిసారీ తన భుజం మీదే వేసుకుని, ఎడమ చేత్తో పల్లూ పరిచి పట్టుకుని, కుడి చేత్తో ఫొటో తీసి గ్రూపులో పెట్టేది. ఏ ఫొటోలో చూసినా మెడ దాకానే. నేను వెళ్లినప్పుడు ఫోను నా చేతికిచ్చేది. నేను మొహం కూడా వచ్చేలా తీస్తే ఒప్పుకునేది కాదు, అప్పటికప్పుడే చెరిపేసేది.

"నా మొహం చూసి కొంటారటే? అంచు కనపడాలి, బుటా కనపడాలి. మళ్లీ తియ్యి."

పోయిన వానాకాలం జ్వరమని ఆస్పత్రిలో చేరిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. పెద్దకర్మ రోజున దండ వెయ్యడానికి ఫొటో కోసం వెతికితే, ఆధార్ కార్డులోది తప్ప ఈమధ్యది ఒక్కటీ దొరకలేదు. దాన్నే పెద్దది చేయించారు. అందులో ఉన్నావిడ ఎవరో నాకు తెలియదనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి బావ ఒక డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. "మీ అక్క ఫోను చార్జింగు నిలవడం లేదమ్మా. ఉన్నవన్నీ ఇందులోకి ఎక్కించాను. నీ దగ్గర కూడా ఒక కాపీ ఉండనీ." లాప్‌టాప్ కొనగానే చేసిన మొదటి పని అదే. ఎక్కించాను గానీ తెరవలేదు. మెడ దాకా ఉన్న అక్కని వరసగా చూసే ధైర్యం లేకపోయింది.

ఇదంతా మా స్నేహితురాలికి చెప్పలేదు. "చాలానే ఎక్కించాను" అన్నాను.

"అదీ సంగతి. ఒక్కో ఫొటో తెరిచి మొహాల కోసం వెతుకుతోంది. ఎవరి ఫొటోలు వాళ్లవి ఒకచోట చేరుస్తుందిలే. దానికే ఈ వేడంతా. ఆపెయ్యనా?"

"వద్దు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆవిడ నా వైపు ఒకసారి చూసి మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "అయితే దీన్ని బల్ల మీద పెట్టి, ఆ టేబుల్ ఫ్యాను ఇటు తిప్పు. పని అయిపోతే అదే చల్లబడుతుంది" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం దాకా నేను బల్ల దగ్గరే కూర్చున్నాను. కూరగాయలు అక్కడే తరుక్కున్నాను. ఫ్యాను మోత ఆగాక ప్రోగ్రాం తెరిచాను.

ముందు ఎవరెవరో ఆడవాళ్లు. ఒకావిడ పెళ్లిపందిట్లో, ఒకావిడ ఆఫీసు మెట్ల మీద, ఒక ముసలావిడ పూజగదిలో. కాసేపటికి గానీ అర్థం కాలేదు, అక్క దగ్గర చీరలు కొన్నవాళ్లు కట్టుకుని ఫొటోలు తీసి పంపారని. అక్క ఒక్కటీ చెరపలేదు. అందరూ నవ్వుతున్నారు, అందరి ఒంటి మీదా బావ నేసినవే.

వాళ్లందరి కింద, చిన్న గుంపుగా, అక్క ఉంది.

ఫోనులో కెమెరా పొరపాటున తనవైపు తిరిగినప్పుడు తెలియక నొక్కేసినవి. అన్నీ కింద నుంచి పడ్డవే. కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని, నుదురు ముడేసి, 'ఇదేంటిది ఇట్టా వస్తోంది' అన్నట్టు చూస్తోంది. ఒకదాంట్లో సగం నోరు తెరిచి ఎవరినో పిలుస్తోంది. సూటిగా నా కళ్లలోకే చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

బావకి ఫోను చేశాను. "బావా, అక్క మొహం ఉన్న ఫొటోలు దొరికాయి."

బావ మెల్లగా అడిగారు, "నవ్వుతోందా?"

"లేదు బావా. చిరాకుపడుతోంది."

బావ నవ్వారు. అక్క పోయాక ఆయన నవ్వడం నేను వినడం అదే మొదలు. "అయితే అది తనే" అన్నారు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి వచ్చేశారు. కాఫీ కూడా తాగకుండా బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కటే చూశారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నోరు తెరిచి పిలుస్తున్న ఫొటో దగ్గర ఆగిపోయారు.

"ఇది నన్నే పిలుస్తోందమ్మా" అన్నారు. "మగ్గం మోతలో నాకు వినపడేది కాదు. రెండోసారి ఇంకా గట్టిగా అరిచేది."

ఆ మాట అన్నాక కూడా, రెండో పిలుపు కోసం ఆగినట్టు, తెరవైపే చూస్తూ కూర్చున్నారు.