పులిపిర్లు నావి, నింద ఆమెది

పెళ్లయిన ఏడో నెలలో, ఒక ఆదివారం స్నానం చేస్తుండగా జననాంగం మొదట్లో చేతికి గరుకుగా ఏదో తగిలింది. బియ్యపు నూకంత బొడిపెలు, నాలుగు. నొప్పి లేదు, దురద లేదు. షేవింగ్ వల్ల వచ్చిన పొక్కులనుకున్నాను. మూడు వారాలకు అవి తొమ్మిదయ్యాయి. కొన్ని ఒకదానికొకటి అంటుకుని కాలీఫ్లవర్ తునకలా కనిపించసాగాయి.

నేను మేడ్చల్‌లో అద్దె ఇంట్లో ఉంటాను. గుండ్లపోచంపల్లిలోని ఒక గోదాములో సూపర్‌వైజర్‌ని. నా భార్య స్రవంతి ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆమెకు చెప్పడానికి సిగ్గుపడ్డాను, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి అంతకన్నా సిగ్గుపడ్డాను. మందుల దుకాణంలో కాలి ఆనెలకు పూసే లోషన్ అడిగాను.

"కాలికేనా అన్నా?" అన్నాడు దుకాణదారు.

కాలికేనన్నాను. ఇంటికొచ్చి బొడిపెలకు పూసుకున్నాను. మరునాటికి అక్కడి చర్మం మాడి పుండయింది. ఆ మంటకు తాళలేకనే చివరకు స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆమె మా అమ్మ వయసు మనిషి. లైటు దగ్గరికి లాగి చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "జెనైటల్ వార్ట్స్, అంటే పులిపిర్లే. హెచ్‌పీవీ అని వైరస్ ఉంటది, దాంతోటి వస్తయి. ఎక్కువగా సెక్స్‌తోనే అంటుకుంటది. పరేషాన్ గావొద్దు, మస్తు మందికి ఉంటది. చానామందికి బయటికి కనబడదు కూడ. మీ మిసెస్‌ని తీసుకురండి, చూస్త. పెళ్లికి ముందు ఎవరన్న ఉన్నరా?"

"లేరు" అన్నాను.

హెచ్‌ఐవీ పరీక్ష, సిఫిలిస్ ఉందేమో చూసే వీడీఆర్‌ఎల్ పరీక్ష రాశారు. రెండూ నాన్ రియాక్టివ్, అంటే ఆ జబ్బులు లేవని వచ్చాయి.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. డిగ్రీ మూడేళ్లూ మా కాలేజీ డిబేట్ జట్టులో మొదటి వక్తను నేనే. ఎవరు ఏం చెప్పినా ఆధారం అడగడం నాకు నియమం. దాన్ని నిజాయితీ అనుకునేవాణ్ణి. మా జట్టుకు ఇంకొక పద్ధతి ఉండేది. మన వాదనలోని లోటును మనం ఎత్తకూడదు, అవతలివారు పట్టుకుంటే అప్పుడు చూసుకోవాలి. ఆ పద్ధతిని నేను ఇంటికి తెచ్చాను.

రిపోర్టులు వచ్చిన సాయంత్రం స్రవంతి నోట్‌బుక్కులు దిద్దుతోంది. ఎదురుగా కూర్చుని జబ్బు పేరు చెప్పాను. తర్వాత వరుసగా మొదలుపెట్టాను.

"ఇది సంబంధంతోటి వచ్చేది. పెళ్లయినంక నేను నీతోటి తప్ప ఎవరితోటి లేను. మరి ఎట్లొచ్చింది?"

"నాకేం లేదు కద. నాకు లేంది మీకెట్ల అంటిస్త?"

"బయటికి కనబడకుండ ఉండొచ్చని డాక్టరే చెప్పింది."

"అంటే ఏందంటరు మీరు?"

"నేనేం అంటలేను. నువ్వే చెప్పాలె. ఎవ్వరు లేరంటే రుజువేంది?"

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. "లేందానికి రుజువు యాడికెల్లి తేవాలె?"

ఆ ప్రశ్న సరైనది. లేనిదాన్ని రుజువు చేయమని అడగడం అన్యాయమని మాకు మొదటి ఏడాదిలోనే నేర్పారు. తెలిసే అడిగాను. 'పెళ్లయినంక' అన్న మాటను కూడా ఎంచి వాడాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్లికి రెండేళ్ల ముందు, నాకు కొన్ని నెలల పాటు ఒక సంబంధం ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలియదు, కాబట్టి ఆ ప్రశ్న వేయలేదు.

"సరే, మీరు గెలిచిన్రు" అంది. "నేను షామీర్‌పేట పోత." మరునాడు పుట్టింటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వారానికోసారి క్లినిక్‌లో పులిపిర్లను మాడ్చే పోడోఫిలిన్ మందు పూయించుకున్నాను. నాలుగు గంటల తర్వాత కడిగేయాలి. మూడో వారం డాక్టరును అడిగాను, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో టెస్టులో తేలుతుందా అని.

"తేలదు. వైరస్ ఒంట్లకొచ్చినంక నెలలు, ఒక్కోసారి ఏండ్లు సప్పుడు చేయకుంట ఉంటది. ఎప్పుడొచ్చిందో నేను జెప్పలేను, ఏ ల్యాబ్ జెప్పలేదు."

"మరి ఆమెకు లేకుండా నాకే ఎందుకు వచ్చాయి మేడం?"

"హెచ్‌ఎల్‌ఏ అని ఇమ్యూనిటీ జీన్స్ ఉంటయి. వైరస్ ముక్కల్ని రక్షణ కణాలకు పట్టి చూపించుడు వాటి పని. మనిషికో తీరుగ ఉంటయి. కొందరివి హెచ్‌పీవీని జల్దీ పట్టిస్తయి, కొందరివి పట్టియ్యవు. సిగరెట్, షుగర్ అసోంటివి కూడ కలుస్తయి. ఒకే వానల ఇద్దరు తడుస్తే ఒకరికే జలుబు జేస్తది. గంతమాత్రాన ఆ వాన పక్కోళ్లు తెచ్చిన్రంటమా?"

నాకు ప్రాణం లేచివచ్చింది. చిన్నప్పుడు నా చేతుల నిండా పులిపిర్లుండేవని గుర్తుచేశాను. "అయితే తప్పు నా జీన్స్‌ది" అన్నాను.

"చేతులవి వేరే టైపులు. దాని మీద ఇల్లు కట్టకండి."

"జీన్ టెస్ట్ చేయించుకోనా?"

"దాంతోటి ట్రీట్‌మెంట్ ఏం మారదు. జీన్స్ వైరస్‌ని తేవు బాబూ. వచ్చినంక ఏమైతదో, దాంట్లనే వాటి చెయ్యి." ఆమె నా ఫైలు తెరిచారు. "మొన్న ఎవరూ లేరన్నరు. మల్లొకసారి అడుగుతున్న."

చెప్పాను. ఆమె తల ఎత్తకుండా రాసుకున్నారు.

"మీ మిసెస్‌కి తెలుసా?"

"తెలియదు."

"నాకు జెప్పింది మందు కోసం. ఆమెకు జెప్పేది మీ పని."

ఆ శనివారం షామీర్‌పేట వెళ్లాను. మా మామ చెరువులో చేపలు పట్టి అమ్ముతాడు. వాకిట్లో వల ఆరేస్తూ నన్ను చూసి నవ్వాడు. "రా అల్లుడా. లొల్లి వెట్టుకున్నరా ఏంది? పిల్ల ఏం జెప్తలేదు. అడిగితే బడికి సెలవులంటది. గీ నెలల ఏం సెలవులే?"

ఆమె ఇంట్లో ఏమీ చెప్పలేదు. నా జబ్బును దాచింది, నా నిందను కూడా దాచింది. ఆ మనిషి ఇచ్చిన చాయ్ పక్కన పెట్టి, స్రవంతిని బయటికి పిలిచాను.

చెరువు కట్ట మీద నడుస్తూ స్రవంతికి అంతా చెప్పాను.

"మీరన్న మర్నాడే నేనొక్కదాన్నే లేడీ డాక్టర్ దగ్గరికి పోయిన. నాలో ఏమన్న ఉన్నదేమోనని. టేబుల్ మీద పండుకోవెట్టి చూసిన్రు. ఏం లేదన్నరు. గా సిస్టర్ మీ ఆయనేడి అని అడిగితే డ్యూటీల ఉన్నడన్న." నా వైపు తిరిగింది. "మీ పాత సంగతి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఓడిపోతననుకున్న."

"నేనేమన్న అవతలి టీమా?"

క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. "డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోదాం. గక్కడ నేను అడుగుత. మీరు సప్పుడు చేయకుండ్రి" అంది.

అలాగే జరిగింది. కండోమ్ ఎంతకాలం వాడాలి, తను గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ స్మియర్ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి, ఇప్పుడు టీకా వేసుకుంటే లాభముందా, అన్నీ ఆమే అడిగింది. ఇన్నాళ్లూ నేను అడగవలసిన ప్రశ్నల్లో ఒక్కటీ నేను అడగలేదని ఆ గదిలో కూర్చుని గ్రహించాను. నాకు పులిపిర్లను గడ్డకట్టించి రాల్చే క్రయోథెరపీ చేశారు. చల్లని మంట, రెండు రోజుల్లో పొక్కి, తర్వాత రాలిపోయాయి. రెండు నెలలకు మళ్లీ మూడు లేచాయి. "మల్ల వస్తయని చెప్పిన కద, మీ ఇమ్యూనిటీకి టైమియ్యండి" అన్నారు డాక్టరు. ఇమిక్విమోడ్ క్రీము వారానికి మూడు రాత్రులు, మూడు నెలలకు పైగా. చర్మం ఎర్రగా కమిలేది. ఓపిక పట్టాను.

ఇప్పటికి ఏడాది దాటింది, తిరిగి రాలేదు. వైరస్ పూర్తిగా పోయిందని ఎవరూ హామీ ఇవ్వలేదు. స్రవంతి మేము కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లిన వారమే మేడ్చల్ వచ్చేసింది, కానీ నేను 'ఒక ప్రశ్న' అంటే చాలు, ఈనాటికీ ఆమె చేతిలో పని ఆగుతుంది. ఆ ఆగడం నేను సంపాదించుకున్నది. దానికి క్రీము లేదు.

ఈ జబ్బు ఉన్నవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇది ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. అందుకని డాక్టరు దగ్గరికి మొదటిరోజే ఇద్దరూ కలిసి వెళ్లండి. బయలుదేరే ముందు మీ గతం మీరే చెప్పండి. అది చెప్పడం పూర్తయ్యేవరకు ఇంట్లో ఎవరినీ ఏమీ అడగకండి.